మీరు మరీ బాగా పరుగెత్తుతున్నారు

2018 అక్టోబర్ రెండో వారంలో కుడి పాదం పైన, బూటు తాడు ముడి పడే చోట, సన్నగా నొప్పి మొదలైంది. వేలితో నొక్కితే ఒక్క చోటే కలుక్కుమనేది. ఒళ్లు వేడెక్కాక పోయేది, సాయంత్రానికి మళ్లీ వచ్చేది. 400 మీటర్ల హర్డిల్స్, అంటే దారిలో అడ్డుపలకలు దూకుతూ పరుగెత్తే పోటీ, చేసేవాళ్లకు ఎక్కడో ఒకచోట నొప్పి లేని రోజంటూ ఉండదు కాబట్టి నేనూ, మా కోచ్ సారూ పట్టించుకోలేదు. రెండుసార్లు ఎక్స్‌రే తీయించాం. రెండుసార్లూ ఏమీ లేదన్నారు. పదకొండు వారాలు గడిచాక, 2019 జనవరిలో, సీటీ స్కాన్‌లో బయటపడింది. నావిక్యులర్ అనే చిన్న ఎముకలో వెంట్రుకంత చీలిక. ఆ ఎముక మధ్యభాగానికి రక్తం అంతంత మాత్రంగా అందుతుందట, అందుకే అతుక్కోవడానికి మొండికేస్తుందట. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు. ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు.

మోపలేదు. జూన్‌లో మళ్లీ ట్రాక్ మీదికి వచ్చాను. సెప్టెంబర్‌లో పరుగెత్తిన పోటీ నా ఆఖరిదని ఆ రోజు నాకు తెలియదు. 62.41 సెకన్లు. అంతకు ముందు నా అత్యుత్తమ సమయం 58.73. తేడా 3.68 సెకన్లు. తెరమీద ఆ అంకె చూడగానే ఏడుపు రాలేదు, వాదించాలని కూడా అనిపించలేదు. గడియారం చెప్పాక ఇక చెప్పడానికేముంది? ఆట వదిలి నటన వైపు నడిచిన ఆ తర్వాతి నాలుగేళ్లలో ఆ స్పష్టతను ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. ఎవరికి ఎంత ఇస్తారు, ఎంత ఖర్చవుతుంది అన్నది చోటును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. పన్నెండేళ్లపాటు నాకు తెలిసిన ద్రవ్యం ఒక్కటే, స్పైక్స్ జత, అంటే అడుగున మేకులుండే పరుగు బూట్లు. కాబట్టి లెక్కలన్నీ స్పైక్స్ జతల్లోనే చెబుతాను.

2019 డిసెంబర్‌లో ఒక ప్రకటన తీసేవాళ్లు మా మైదానానికి వచ్చారు. నాయిక హర్డిల్స్ దూకాలి, ఆమెకు దూకడం రాదు. ఆమె ఎత్తు, ఆమె ఒంటి రంగు ఉన్న అమ్మాయి కావాలి. ముఖం కనబడదు. సార్ నా వైపు చూపించారు. పిల్లలకు సాయంత్రాలు డ్రిల్స్ నేర్పుతూ, పగలంతా గోడలు చూస్తూ కూర్చుంటున్న రోజులు. ఒప్పుకున్నాను.

తెల్లవారుజామున 5.30కు రమ్మన్నారు. మొదటి షాట్ మధ్యాహ్నం 2.40కు తీశారు. పోటీల్లో కాల్ రూమ్ అని ఉంటుంది. పరుగుకు ముందు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఛాతీ నంబర్లు చూసి, బూట్ల మేకులు 9 మిల్లీమీటర్లు దాటాయేమో కొలిచి, వరసగా ట్రాక్ మీదికి పంపుతారు. ఎంతసేపు కూర్చోవాలో ముందే తెలుసు, దానికి తగ్గట్టు ఒళ్లు వేడి చేసుకుంటాం. ఇక్కడ అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి ‘ఇంకో పది నిమిషాలు మేడమ్’ అన్నప్పుడల్లా లేచి వార్మప్ చేశాను. నాలుగుసార్లు. అసలు షాట్ వచ్చేసరికి తొడలు రాళ్లయిపోయాయి. సినిమావాళ్ల పది నిమిషాలంటే గంటకు తక్కువ కాదని ఎవరైనా ఆ ఉదయమే చెప్పి ఉంటే బాగుండేది. వెలుతురు ఎక్కడ పడుతుందో చూస్తూ కెమెరా పక్కన స్టాండు మీద ఉన్న చిన్న దీపాన్ని తిప్పడం మొదలుపెట్టారంటే అప్పుడు లేవాలి. అంతకుముందు పడుకోవాలి. ఇప్పుడు నేను కుర్చీలో, బల్ల మీద, కారు వెనక సీట్లో, మేకప్ చెరగకుండా మెడ కింద తువ్వాలు పెట్టుకుని ఎక్కడైనా నిద్రపోగలను.

ఆ రోజు ఇంకో సంగతి. నాయిక బూట్లే నేనూ వేసుకోవాలి. అవి నాకు ఒక సైజు పెద్దవి. రెండు జతల సాక్స్ తొడుక్కుని, అవే మూడు హర్డిల్స్‌ను 14 సార్లు దూకాను. పోటీలో పది హర్డిల్స్ ఒక్కసారి దూకితే అయిపోతుంది, ఎంత బలముంటే అంతా పెట్టేయవచ్చు. ఇక్కడ ఒకసారి దూరం నుంచి, ఒకసారి పాదాల దగ్గర నుంచి, ఒకసారి పక్కనే బండి మీద వస్తూ తీస్తారు. నాలుగో టేక్‌కే నేను ఒంట్లో ఉన్నదంతా ఖర్చు పెట్టేశాను. కెమెరామన్ పెద్దాయన నన్ను మానిటర్ దగ్గరికి పిలిచారు. పెద్ద లెన్స్ పెట్టి ఎదురుగా తీసిన షాట్‌లో నేను ప్రాణాలు పెట్టి పరుగెడుతున్నా ఉన్నచోటే కదులుతున్నట్టుంది. పక్కనుంచి తీసిన షాట్‌లో మెల్లగా దూకినదే బాణంలా ఉంది. ‘వేగం మేము ఇస్తామమ్మా, నువ్వు కాళ్లు జాగ్రత్త’ అన్నారాయన. ఆ మాట ఇప్పటికీ పాటిస్తున్నాను. ముప్పాతిక వేగం దాటను.

ఆ రోజు పనికి ఒకటిన్నర జత స్పైక్స్ డబ్బు. చేతికి అందింది 70 రోజులకు.

ఎందుకు అంటుకుందీ నటన పిచ్చి అని చాలామంది అడిగారు. సార్ నా పరుగును వందలసార్లు వీడియో తీశారు. ఆ వీడియోలు చూసేది తప్పు పట్టుకోవడానికి. ఎడమ మోకాలు ఆలస్యంగా లేచింది, ఏడో హర్డిల్ దగ్గర అడుగు తప్పింది, అంతే. ఆ మానిటర్ ముందు నిలబడ్డ ఎనిమిది మందిలో ఒక్కరు కూడా నా మోకాలు చూడలేదు. చివరి హర్డిల్ దాటాక నేను ఒకసారి వెనక్కి చూశాను, ఊరికే, అలవాటు లేని పని. ‘అది బాగుంది, అది ఉంచండి’ అన్నారు. రాత్రంతా అదే మాట చెవిలో తిరిగింది. ముఖం కనబడకుండా చేసిన పనిలో కూడా వాళ్లకు ఎవరో కనబడ్డారు.

2020 జనవరిలో చేసిన తప్పులు రెండు. మొదటిది, ఆరు జతల స్పైక్స్ డబ్బు పోసి ఫొటోల పుస్తకం చేయించుకున్నాను. కండలు తీరిన భుజాలు, నూనె రాసిన పొట్ట, స్టార్టింగ్ బ్లాక్స్ మీద వంగిన భంగిమ, అన్నీ అవే. పాత్రలకు మనుషుల్ని వెతికేవాళ్లు వాటిని రెండు సెకన్లు చూసి పక్కన పెట్టేవారు. వాళ్లకు కావలసింది మేకప్ లేకుండా, కిటికీ వెలుతురులో, ఎదురుగా ఒకటి, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, నిలువెత్తున ఒకటి. ఫోనుతో మా తమ్ముడు తీసినవి చాలాయి. రెండోది, పాత్ర ఖాయమైందని చెప్పి ‘నమోదు రుసుము’ అడిగిన ఒకాయనకు రెండు జతల డబ్బు ఇచ్చాను. ఆ ఫోను నంబరు మూడో రోజు నుంచి మోగలేదు. పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడం ఏమిటన్న ఇంగితం పోటీల్లో ప్రవేశ రుసుములు కట్టి కట్టి నాకు పోయినట్టుంది.

మార్చిలో కరోనా వల్ల షూటింగులన్నీ ఆగిపోయాయి. మైదానం కూడా మూసేశారు. ఆ నెలల్లో ఇంట్లో కూర్చుని, నాకంటే ముందు ఈ దారిన వెళ్లినవాళ్ల గురించి చదివాను. అశ్విని నాచప్ప ట్రాక్ మీద పేరు తెచ్చుకుని 1991లో తన జీవితం ఆధారంగా తీసిన తెలుగు సినిమాలో తానే నటించారు. 1966, 1970 ఆసియా క్రీడల్లో డిస్కస్ త్రోలో స్వర్ణాలు గెలిచిన ప్రవీణ్ కుమార్ టీవీ మహాభారతంలో భీముడయ్యారు. ఈతలో ఐదు ఒలింపిక్ స్వర్ణాలున్న జానీ వీస్ముల్లర్ టార్జాన్ అయ్యారు. అందరిలోకీ నాకు నచ్చింది రేఫర్ జాన్సన్ కథ. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు ముందే ఆయనకు ఒక పెద్ద హాలీవుడ్ సినిమాలో వేషం వచ్చింది. వేస్తే అమెచ్యూర్ హోదా, అంటే డబ్బు కోసం ఆడని ఆటగాడన్న గుర్తింపు, పోతుంది, ఒలింపిక్స్‌కు పనికిరాడు. వేషం వదులుకుని వెళ్లి, పది అంశాలుండే డెకథ్లాన్‌లో స్వర్ణం గెలిచి, తర్వాత తీరిగ్గా సినిమాల్లో నటించాడు.

చదువుతుంటే ఒకటి తట్టింది. వీళ్లందరూ కెమెరా ముందుకు వచ్చేసరికే జనానికి తెలిసిన ముఖాలు. నేను ఫైనల్లో ఆరో స్థానంలో వచ్చే రకం. 58.73 అంటే మా ఇంట్లోవాళ్లకూ, మా సార్‌కూ తప్ప ఎవరికీ ఏమీ కాదు. ఆరో స్థానం వాళ్లు ఆట వదిలాక ఈ రంగంలోకి ఎలా వస్తారో ఎక్కడా దొరకలేదు. ఇది రాయడానికి కారణం అదే.

2020 సెప్టెంబర్ నుంచి ఆడిషన్లు మళ్లీ మొదలయ్యాయి గానీ ఎవరూ రమ్మనడం లేదు, ఇంట్లోనే వీడియో తీసి పంపమంటున్నారు. పేరు, వయసు, ఎత్తు చెప్పి, అటూ ఇటూ తిరిగి పక్క ముఖాలు చూపించి, ఇచ్చిన అర పేజీ సంభాషణ చెప్పి పంపాలి. గోడకు లేత నీలం దుప్పటి కట్టాను. ఎదుటి పాత్ర మాటలు అమ్మ చదివేది. అమ్మ ఎంత కోపం మాటనైనా పత్రికలో వార్త చదివినట్టు చదువుతుంది. ఒకసారి హంతకుడి మాటలు చదివి, చివర ‘ఇంతేనా? అన్నానికి వస్తావా?’ అని కలిపేసింది. అది చెరిపే ఓపిక లేక అలాగే పంపాను.

శిక్షణ డైరీ రాసే అలవాటు పోలేదు కాబట్టి ఇవీ రాసుకున్నాను. తేదీ, పాత్ర, ఎన్ని టేకులు, ఫలితం. 2021 జూలై చివరి దాకా పంపినవి 43. అందులో 19 పోలీసు, రౌడీల్ని కొట్టే అమ్మాయి, జిమ్ శిక్షకురాలు. ‘క్రీడాకారిణి’ అని రాసుకున్న పాపానికి ఆ గాటన కట్టేశారు. జవాబు వచ్చినవి 6. ఫలితం గడిలో మిగిలిన 37 చోట్ల ఏమీ రాయలేదు, ఎందుకంటే కాదని కూడా ఎవరూ చెప్పరు. నన్ను ఎక్కువగా కుంగదీసింది ఇదే. పోటీలో ఆరో స్థానం వస్తే ముందున్న ఐదుగురి పేర్లు, వాళ్లకూ నాకూ మధ్య సెకనులో ఎన్నో వంతు ఉందో కాగితం మీద అచ్చు వేసి గోడకు అంటిస్తారు. ఏడుస్తాం, మర్నాడు ఆ వంతు కోసం పని చేస్తాం. ఇక్కడ దేనికోసం పని చేయాలి? ముక్కా, గొంతా, ఎత్తా, ఆ రోజు దుప్పటి రంగా? మొదటి ఆర్నెల్లు ప్రతి మౌనానికీ ఒక కారణం కనిపెట్టుకుని బాధపడ్డాను. తర్వాత పంపిన వెంటనే ఫోనులోంచి వీడియో చెరిపేయడం మొదలుపెట్టాను. మనసు కాస్త కుదుటపడింది.

మధ్యలో, 2021 జనవరి నుంచి మూడు నెలలు, నటన నేర్పే ఒక శిక్షణలో చేరాను. నాలుగు జతల స్పైక్స్. మొదటి వారం గురువుగారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ‘ఏమీ చేయకుండా అయిదు నిమిషాలు కూర్చో’ అన్నారు. కూర్చున్నాను. వీడియో చూపించారు. వెన్ను నిటారుగా, పాదాలు సమాంతరంగా, ముఖంలో ఏ కదలికా లేకుండా, ఎవరో తుపాకీ పేలుస్తారేమోనని ఎదురు చూస్తున్నదానిలా ఉన్నాను. పరుగులో ముఖం బిగిస్తే మెడ బిగుస్తుంది, మెడ బిగిస్తే భుజాలు లేస్తాయి, వేగం పోతుంది. అందుకే సార్ పన్నెండేళ్లూ ఒకటే కేక, ‘దవడ వదులు!’ ఎంత నొప్పి వచ్చినా ముఖంలో కనబడనీయకపోవడం మా విద్య. పక్క వరసలోని అమ్మాయికి మనం అలిసిపోయామని తెలియకూడదు. ఇప్పుడు ఒకాయన వచ్చి, లోపల ఉన్నది ముఖం మీదికి రానివ్వమంటున్నారు. ముగింపు గీతకు వంద మీటర్ల ముందే నొప్పి ఒప్పుకోమన్నట్టుంది. ఆ మూడు నెలల్లో నేను నేర్చుకున్నది సగమే, కానీ ఆ సగం లేకపోతే తర్వాతది లేదు.

2021 ఆగస్టు 9న ఒక సీరియల్లో ఆడపడుచు వేషానికి పిలిచారు. అంతకుముందు వారం పంపిన వీడియో చూసి. ‘రేపు ఉదయం 7కి రండి’ అన్నారు. పన్నెండు నెలలు ఎదురుచూశాక దొరికిన సమయం పద్నాలుగు గంటలు.

సీరియల్ గురించి సినిమావాళ్లు చులకనగా మాట్లాడతారు. నాకది మండుతుంది. అక్కడ దాదాపు రోజుకో ఎపిసోడ్ లెక్కన ఇరవై నిమిషాలకు పైగా నడిచే కథ తీసేయాలి. రెండు మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి. సంభాషణల కాగితం షాట్‌కు పది నిమిషాల ముందు చేతికి వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు, పక్కనుంచి ప్రాంప్టింగ్ అందిస్తారు. వినాలి, అదే క్షణంలో మొదటిసారి తట్టినట్టు చెప్పాలి, ఎదుటివాళ్ల ముఖం చూస్తూనే చెప్పాలి. మొదటి రోజు ప్రాంప్టింగ్ చెబుతున్న అబ్బాయి వైపు తిరిగి ‘ఏమిటీ?’ అని అడిగాను, కెమెరాలు తిరుగుతుండగా. అందరూ నవ్వారు. మూడో వారానికి పట్టుబడింది.

అక్కడే ఆట నుంచి తెచ్చుకున్నది మొదటిసారి పనికొచ్చింది. నటుడు ఎక్కడ ఆగాలో నేల మీద టేప్ ముక్క అతికిస్తారు, దాన్ని మార్క్ అంటారు. దానికి ఒక అడుగు ఇవతల ఆగినా అవతల ఆగినా ముఖం మసకబారుతుంది, లేదా వెలుతురు తప్పుతుంది. కిందికి చూసి ఆగకూడదు. కొత్తవాళ్లకు ఇది పెద్ద గండం. నాకు ఆడుతూ పాడుతూ వచ్చింది. మా పోటీలో మొదటి హర్డిల్ దాకా 45 మీటర్లు, ఆ తర్వాత ఒక్కోదానికీ మధ్య 35. నావి మధ్యలో 17 అడుగులు. ఎత్తు 76.2 సెంటీమీటర్లున్న కొయ్యపలక ఎక్కడుందో చూడకుండానే కాలికి తెలియాలి. మార్క్ దగ్గర నుంచి వెనక్కి అడుగులు లెక్కపెట్టుకుని బయలుదేరేదాన్ని. ‘ఈ అమ్మాయికి ఫోకస్ పెట్టడం హాయి’ అని కెమెరా సహాయకుడు అన్న రోజు ఇంటికి ఫోను చేసి చెప్పాను. నాన్నకు అర్థం కాలేదు గానీ సంతోషించారు.

రోజుకు పన్నెండు, పదమూడు గంటలు. నెలలో పది, పన్నెండు రోజులు. నెల డబ్బు రెండు నెలలు దాటాక వచ్చేది, కాబట్టి మొదటి మూడు నెలలు చేతిలో ఏమీ లేకుండా గడిపే దారి చూసుకోవాలి. దుస్తుల్లో సగం మనవే. ఏ సన్నివేశంలో ఏ గాజులు, ఏ చెవిపోగులు వేసుకున్నానో నేనే ఫోనులో ఫొటో తీసి పెట్టుకునేదాన్ని. కంటిన్యుటీ తప్పితే, అంటే ఒక షాట్‌కూ తర్వాతి షాట్‌కూ అవి మారిపోతే, తిట్లు పడేది మనకే. తిండి మాత్రం శత్రువైంది. శిక్షణ మానేసినా ఆకలి మానలేదు. అయిదు కిలోలు పెరిగాను. భుజాలు ఆడపడుచు భుజాల్లా లేవని బట్టలు కుట్టే ఆయన రోజూ నిట్టూర్చేవాడు.

2022 జనవరిలో ఒక సాయంత్రం కాగితం అందుకుని చదువుతుంటే, నా పాత్ర పై చదువులకు విదేశం వెళుతున్నట్టుంది. ‘ఎప్పుడు తిరిగొస్తుంది?’ అని అడిగాను. రచయితగారి సహాయకుడు నీళ్లు నమిలాడు. ఇంకా రాలేదు, ఇప్పటికీ అక్కడే చదువుకుంటోంది.

తర్వాత అయిదు నెలలు ఏమీ లేదు. ఇది గీత గీసి చెప్పవలసిన విషయం, ఎందుకంటే సీరియల్లో కనబడ్డాక పని దానంతట అదే వస్తుందని నేను నమ్మాను. ఉదయాలు మళ్లీ మైదానంలో పిల్లల దగ్గరికి వెళ్లాను. సార్ ఏమీ అడగలేదు. విజిల్ నా చేతికిచ్చి పక్కకు వెళ్లారు.

2022 జూన్ 14. ఒక సినిమాకు ఆడిషన్. పిల్లవాడు బడి నుంచి తిరిగి రాలేదని ఫోను వస్తే ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వెళ్లే తల్లి. సినిమాలో నాలుగే సన్నివేశాలు, కానీ కథ ఆ పరుగుతో మలుపు తిరుగుతుంది. సంభాషణ చెప్పాను, తలూపారు. బయట సందులోకి తీసుకెళ్లి పరుగెత్తమన్నారు. నా మనసు ఎగిరి గంతేసింది. ఇన్నాళ్లకు నా విద్య అడిగారు! పరుగెత్తాను. దర్శకుడు చాలాసేపు నేల చూశాడు.

‘మీరు మరీ బాగా పరుగెత్తుతున్నారు. ఈమె పదేళ్లుగా పరుగెత్తలేదండీ. పరుగెత్తాలని కూడా ఈమెకు తెలియదు.’

మళ్లీ ప్రయత్నించాను. మెల్లగా పరుగెత్తాను. ‘ఇప్పుడు మెల్లగా బాగా పరుగెత్తుతున్నారు’ అన్నాడు. మూడు వారాలు గడువిచ్చి మళ్లీ రమ్మన్నాడు.

ఆ మూడు వారాలు నా జీవితంలో కెల్లా వింత శిక్షణ. నాలుగు సాయంత్రాలు రైల్వే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, రైలు అందుకోవడానికి పరుగెత్తేవాళ్లను చూశాను. అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా పరుగు మొదలుపెట్టరు. మొదటి నాలుగడుగులు వేగంగా నడుస్తారు, సిగ్గు అడ్డొస్తుంది. తర్వాత ఒక చెయ్యి భుజం మీది సంచిని పట్టుకుంటుంది, రెండో చెయ్యి ఒంటికి దూరంగా, ఎవరినో తోస్తున్నట్టు గాలిలో ఉంటుంది. మడమ ముందు నేలను కొడుతుంది, చప్పుడవుతుంది. పది గజాలకు గడ్డం పైకి లేస్తుంది. చూపు వెళ్లాల్సిన చోటు మీద ఉండదు, పక్కవాళ్ల ముఖాల మీద ఉంటుంది, నన్ను చూస్తున్నారా అన్నట్టు. ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, రైలు కదిలిపోయాక కూడా మూడు నాలుగు అడుగులు పరుగెత్తింది. ఆగి, ఏమీ జరగనట్టు సంచిలో ఏదో వెతుక్కుంది. ఆ వెతుక్కోవడం నేను దాచుకున్నాను.

చూడటం సులువు, చేయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగో అడుగుకే మోకాలు తనంతట తాను లేచేది, మోచేతులు తొంభై డిగ్రీలకు మడుచుకునేవి. కావాలని చెడగొడితే కోతివేషంలా ఉండేది. తమ్ముడు వీడియో తీసి పడీ పడీ నవ్వేవాడు. పదో రోజున ప్రకటన రోజు గుర్తొచ్చింది. ఒక సైజు పెద్ద బూట్లు. అమ్మ చెప్పులు వేసుకున్నాను, అవి నాకు వదులు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కాగితాలున్న ఫైలు. చెప్పు జారకుండా వేళ్లు బిగించాలి, కాగితాలు పడకుండా మోచెయ్యి ఒంటికి అదమాలి. ఇక పద్ధతిగా పరుగెత్తడానికి ఒంట్లో ఖాళీ లేదు. వీడియో చూసి తమ్ముడు నవ్వలేదు. ‘అచ్చం అమ్మ’ అన్నాడు.

జూలై 5న రెండో ఆడిషన్. జూలై 28న ఖాయమని ఫోను. నవంబర్‌లో మొదలు కావలసిన షూటింగ్ రెండుసార్లు వాయిదా పడి 2023 జనవరిలో మొదలైంది. నాకు 11 రోజుల కాల్‌షీట్. పరుగు ఒక్కటే రెండు రోజులు తీశారు. చెప్పుల సంగతి చెబితే బట్టల విభాగం వాళ్లు ముందు వింతగా చూశారు, తర్వాత వదులుగా ఉన్నవి మూడు జతలు తెచ్చారు. ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కు ఇంకొకటి వచ్చిపడింది. అరవై మీటర్లు పరుగెత్తి బడి గేటు దగ్గర ఆగి, రొప్పుతూ కాపలాదారుతో మాట్లాడాలి. నాకు రొప్పు రాదు. అరవై మీటర్లకు నా గుండె నిద్ర కూడా లేవదు. ‘ఆయాసం ఏదండీ?’ అని మైకులో అరిచారు. చివరికి ప్రతి టేక్‌కూ ముందు ఆ వీధి చుట్టూ ఒకసారి పూర్తి వేగంతో తిరిగొచ్చి, ఆ ఊపులోనే షాట్ మొదలుపెట్టాను. ముప్పాతిక వేగం నియమం ఆ రోజు తప్పాను. తొమ్మిది టేకులు. ఆరో టేక్‌కు నిజంగానే కళ్లు తిరిగాయి, వాడుకున్నది కూడా అదే. సాయంత్రం పాత పాదం వాచింది. రాత్రి ఐసు పెట్టుకుని కూర్చుంటే, భయం వేయలేదంటే అబద్ధం.

ఆ టేక్‌లో మాటలు సరిగా రికార్డు కాలేదు కాబట్టి సెప్టెంబర్‌లో డబ్బింగ్. నాలుగు సన్నివేశాలకు ఆరు గంటలు పట్టింది. చీకటి గదిలో, తెరమీది నా పెదవులకు అతికేలా, ఆ ఆయాసాన్ని మళ్లీ తేవాలి. నిలబడ్డచోటే పరుగెత్తి చూశాను, అడుగుల చప్పుడు మైకులో పడింది. పాదాలు కదలకుండా రొప్పాలన్నమాట. ఇంజనీరుగారు ఒక చిట్కా చెప్పారు. ఊపిరి పొట్టలోంచి కాదు, గొంతుకు కాస్త కింద నుంచి, సగం సగం తీసుకోమన్నారు. పన్నెండేళ్లు పొట్టతో ఊపిరి తీసుకోవడం నేర్చుకుని, ఒక మధ్యాహ్నంలో దాన్ని వదిలేశాను. ఆయన ఇంకోటి కూడా చెప్పారు. నా పరుగు తెరమీద 11 సెకన్లు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 264. ఎవరో ఒకరు మళ్లీ నా పరుగును అంకెల్లో చెప్పినందుకు హాయిగా అనిపించింది.

మొత్తం మీద నాకు వచ్చిన డబ్బు పద్దెనిమిది జతల స్పైక్స్. సగం ముందు, సగం డబ్బింగ్ అయ్యాక. ఆ రెండో సగం కోసం నాలుగుసార్లు ఫోను చేశాను.

సినిమా 2024 ఫిబ్రవరిలో విడుదలైంది. నాలుగింట్లో ఒక సన్నివేశం తీసేశారు. అది విడుదల రోజు హాల్లోనే తెలిసింది, ముందుగా ఎవరూ చెప్పరు. ఆ తర్వాత రెండు వేషాలు వచ్చాయి, రెండూ తల్లులే, ఒక్కరూ పోలీసు కాదు. ఈ నెల 3న పంపిన వీడియోకు ఇంకా జవాబు లేదు.

విడుదలైన రెండో ఆదివారం రాత్రి 9 దాటాక సార్ ఫోను చేశారు. ఆయన సినిమాలు చూడరు, వాళ్లమ్మాయి బలవంతాన తీసుకెళ్లిందట. కాసేపు నా పాదం గురించి అడిగారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

‘అమ్మా, నిన్నేమీ అనకూడదనుకున్నాను. కానీ ఆ ఎడమ చెయ్యి ఏమిటి, అలా వేలాడేశావు? మడమ మీద పడుతున్నావు. గడ్డం ఆకాశంలో ఉంది. నేను నేర్పింది అదేనా? రేపు ఉదయం ఆరింటికి గ్రౌండుకు రా.’

వెళ్లాను. మూడు హర్డిల్స్ వేసి ఉంచారు.